చిట్టా వెనక పేజీలు

వార్డో దీవిలో
నవంబరు చివర్న పోయిన సూర్యుడు
జనవరి మూడో వారం దాకా తిరిగి రాడు.
ఆ రెండు నెలలూ రేవంతా లాంతర్లే.

నేనప్పుడు ఉప్పు బస్తాలు మోసే కుర్రాణ్ణి.
ఆస్లౌగ్ గారింట్లో అటక మీద పడక.
ఆవిడ కాటా దగ్గర గుమాస్తా.
పగలని మేం పిలుచుకునే చీకట్లో
కాడ్ చేపల తూకం రాసేది.
రాత్రి అదే చిట్టా తిరగేసి
వెనక పేజీ మీద ఒక భాగహారం.
రాత్రికి ఒక్కటే.
రెండుసార్లు సరిచూసి దీపం ఆర్పేసేది.

భాజ్యం ఎప్పుడూ అదే:
576460752303423487.

"ఏమిటండీ ఇది?" అన్నాను ఓసారి.
"ఒక చేపను రెండు చెయ్యి, రెంటిని నాలుగు,
అలా యాభై తొమ్మిది సార్లు.
సముద్రం పట్టక పొర్లిపోతుంటే
పిల్లికి ఒకటి పడెయ్యి.
మిగిలింది ఇది."

టోర్‌ఫిన్ మాస్టారు ఊపిరితిత్తులు చెడి
దక్షిణాదికి ఓడెక్కుతూ
ఆవిడ చేతిలో పెట్టిన చీటీ అది.
కింద వంకర రాతలో:
*ప్రధాన సంఖ్యే అనుకుంటా, విరగదు.
విరిగితే, విరిచేది
నూట పద్దెనిమిది గుణిజానికి ఒకటి ఎక్కువ.*

మూడుతో, ఐదుతో, ఏడుతో పోయేవి వదిలేసి
నూట పద్దెనిమిదేసి దూకుతూ
పదకొండు చలికాలాలు నడిచింది.
రొట్టెల కొట్టు ఇంగర్ అడిగింది,
"ఇన్నాళ్ళు కొండ తవ్వావు,
ఎలుకనైనా పట్టలేదే?"
"ఎలుక లేదని తేలినా నాకు చాలు."

అప్పుకీ నిప్పుకీ పగకీ
శేషం ఉంచకూడదంటారు.
ఆవిడ మాత్రం ప్రతి రాత్రీ
అడుగున మిగిలిన అంకెల్ని చూసి
ఊపిరి వదిలేది.
ఇవాళ్టికి అది విరగలేదు.

పన్నెండో చలికాలం.
కిటికీ మీద మంచు పెచ్చు కట్టింది.
ఆ రాత్రి వంతు 179951.
గీత గీసింది. తీసివేసింది. అంకె దించింది.
మళ్ళీ తీసివేసింది.
అడుగున సున్నా.

అరవలేదు. అటక మెట్ల కింద నిలబడి
నన్ను లేపింది.
"నువ్వు చదువు, నేను గుణిస్తా."
పొయ్యి ఎప్పుడారిందో తెలీదు.
తెల్లారని ఆ తెల్లవారుజామున
పద్దెనిమిదికి పద్దెనిమిది అంకెలూ
వాటి వాటి చోట్లకే వచ్చాయి.

అప్పుడు చూశానావిడ ముఖం.
పడవ అంచు దాకా వచ్చిన చేప
కొక్కెం విదిలించుకుపోతే
జాలరి నీళ్ళకేసి చూస్తాడే, అలా ఉంది.
పన్నెండేళ్ళు తనతో ఒంటరిగా ఉన్నది
ఇక ఒంటరిది కాదు.

పొద్దున్నే టెలిగ్రాఫ్ ఆఫీసుకి వెళ్ళింది.
ఐదంకెలకో మాట చొప్పున రుసుం లెక్కేస్తూ
హాల్వార్ అనుమానంగా చూశాడు.
"రహస్య భాషా?"
"తూకం," అంది.
రెండే సంఖ్యలు. సంతకం కూడా లేదు.

తొమ్మిదో రోజున
బెర్గెన్ శానిటోరియం నుంచి జవాబు.
ఒక్కటే మాట:
*రెండోది?*

ఆస్లౌగ్ గారు నవ్వగా
అంతకు ముందు నేనెరగను.
చేతిలో ఐదు కిలోల గుండు,
చేపల బుట్ట మీద చతికిలబడి
కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది.

రెండోది: 3203431780337.
అది ఇంకా విరుగుతుందో లేదో
తేలాలంటే, రాత్రికొకటి చొప్పున
నూరు చలికాలాల పైచిలుకు.
ఆవిడకప్పుడు యాభై ఒకటి.
ఈ లెక్క కూడా ఆవిడే వేసింది, మార్జిన్లో,
వేసి, కింద గీత కూడా గీసింది.

ఆ రాత్రి కొత్త పేజీ.
తర్వాతి నాలుగూ
మూడుకో ఐదుకో ఏడుకో పోయేవే, దాటేసింది.
ఐదోది 180541.
నేను దిగొచ్చి పక్కన కూర్చున్నాను.
రెండో పెన్సిల్ నా వైపు దొర్లించింది.

ఇద్దరికీ ఒకే శేషం వచ్చింది.
19263.

"రేపు," అని
దీపం ఊదేసింది.